హాజరు షీట్‌లో పి, ఏ, హెచ్‌డి అక్షరాలకి అంకెల విలువ ఇచ్చి కూడటం ఎలా?

పీణ్య_పేరోల్:
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో ఒక మెషీన్ షాపులో హాజరు, జీతాల పని చూస్తాను. ఎక్సెల్ 2013. ఏ కాలమ్‌లో సీరియల్ నంబరు, బిలో పేరు, సి నుంచి ఏజి దాకా నెలలో 31 రోజులు. సూపర్‌వైజర్లు ఒక్కో రోజు కింద పి (వచ్చారు), ఏ (రాలేదు), హెచ్‌డి (అర పూట), డబ్ల్యూఓ (వారం సెలవు), పిహెచ్ (పండుగ సెలవు) అని కొడతారు. నెలాఖరుకి ఏహెచ్ కాలమ్‌లో మొత్తం రోజులు రావాలి. పి అంటే 1, హెచ్‌డి అంటే 0.5.

సి5+డి5 అని కూడితే #వేల్యూ! అని ఎర్రర్ వస్తోంది. సమ్ పెడితే ఎర్రర్ లేదు గానీ జవాబు సున్నా. నేమ్ మేనేజర్‌లో పి అనే పేరుకి 1, హెచ్‌డి అనే పేరుకి 0.5 ఇచ్చి చూశాను. ఖాళీ సెల్‌లో =పి*2 అని కొడితే 2 వస్తోంది, కానీ షీట్‌లో వాళ్ళు కొట్టిన పి మాత్రం అక్షరంగానే ఉండిపోతోంది. పి అంటే 1 అని ఎక్సెల్‌కి ఒక్కసారి చెప్పేసే దారి ఏమైనా ఉందా? ఇప్పటిదాకా చేత్తో లెక్కపెడుతున్నారు, జీతాల ముందు రోజు అందరికీ టెన్షనే.

వైట్‌ఫీల్డ్_షీట్లు:
ముందుగా ఒక మాట: ఈ చర్చలో ఫార్ములాల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాం, షీట్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టండి.

మీ నేమ్ మేనేజర్ ప్రయత్నం ఎందుకు ఆగిపోయిందంటే, పేరు అనేది ఫార్ములా లోపల రాసినప్పుడే పేరు. సెల్‌లో కొట్టిన పి ఎక్సెల్‌కి ఉట్టి అక్షరం. ఆ రెండింటికీ సంబంధం లేదు. ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్‌తో కలపొచ్చని కొందరు చెబుతారు. అది ఏదైనా సెల్‌ని చూపించే పేర్లకే పనిచేస్తుంది. మీరిచ్చినట్టు నేరుగా 1 అని ఇచ్చిన పేరుకి #రెఫ్! వస్తుంది. పైగా సి, ఆర్ అన్న ఒంటి అక్షరాలని ఎక్సెల్ పేర్లుగా ఒప్పుకోదు. రేపు క్యాజువల్ లీవ్‌కి సి అని పెట్టుకోవాలంటే అక్కడే ఆగిపోతారు. కాబట్టి ఆ దారి వదిలేయండి.

సమ్‌కి సున్నా రావడం కూడా ఎక్సెల్ పద్ధతి ప్రకారమే. ప్లస్ గుర్తు పెడితే రెండు వైపులా అంకెలే ఉండాలని పట్టుబడుతుంది, సమ్ అయితే సెల్స్‌లో ఉన్న అక్షరాలని పక్కన పెట్టి అంకెలనే కూడుతుంది.

వెంటనే పని అయిపోవాలంటే ఏహెచ్5లో ఇది పెట్టండి:
=కౌంటిఫ్(సి5:ఏజి5,"పి")+0.5*కౌంటిఫ్(సి5:ఏజి5,"హెచ్‌డి")

ఇది ఈ నెలకి సరిపోతుంది, కానీ దీంతో ఆగిపోవద్దు. రాత్రికి వివరంగా రాస్తాను.

టెస్టర్_మారతహళ్ళి:
ఇంకో దారి ఉంది బ్రో. సెల్‌లో అసలు 1 అనే కొట్టించండి, చూడ్డానికి పి అని కనబడుతుంది. ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్‌కి వెళ్ళి [=1]"పి";[=0.5]"హెచ్‌డి";"ఏ" అని ఇవ్వండి. 1 కొడితే పి, 0.5 కొడితే హెచ్‌డి, 0 కొడితే ఏ కనబడతాయి. లోపల అంకెలే కాబట్టి మామూలు సమ్ చాలు, ఏ ఫార్ములా అక్కర్లేదు.

పీణ్య_పేరోల్:
అరె, ఇది భలే ఉంది. కానీ నాకు డబ్ల్యూఓ, పిహెచ్ కూడా ఉన్నాయి కదా అన్నా, వాటిని ఎక్కడ పెట్టాలి?

రాజాజీనగర్_ఆడిటర్:
బాబూ, ఫార్ములాల దాకా వెళ్ళేముందు ఒకటి చెప్పు. డబ్ల్యూఓకి విలువ ఎంత?

పీణ్య_పేరోల్:
సార్, ఆఫీసు స్టాఫ్‌కి నెల జీతం, వాళ్ళకి ఆదివారం కూడా కలుపుతాం. షాప్ ఫ్లోర్‌లో సగం మందికి రోజు కూలీ లెక్క, వాళ్ళకి కలపం.

రాజాజీనగర్_ఆడిటర్:
చూశావా, అసలు సంగతి అక్కడుంది. ఒకే డబ్ల్యూఓ నెల జీతం మనిషికి 1, రోజు కూలీ మనిషికి 0. క్యాంటీన్ వాడికి భోజనాల లెక్క ఇచ్చేటప్పుడు ఇద్దరికీ 0. హెచ్‌డి జీతానికి 0.5, క్యాంటీన్‌కి 1, ఎందుకంటే అర పూట వచ్చినవాడు కూడా తింటాడు. అక్షరం చెప్పేది ఆ రోజు ఏం జరిగిందన్నది. దాని విలువ ఎంతన్నది మీ కంపెనీ తీసుకున్న నిర్ణయం. జరిగింది మారదు, నిర్ణయం లెక్కకో రకంగా ఉంటుంది, రేపు మారొచ్చు కూడా. అందుకే సెల్‌లో అక్షరం తీసేసి అంకె పెట్టే పని చేయకు. 1 అని ఉంటే అది వచ్చిన రోజా, ఆదివారమా, ఉగాది సెలవా అన్నది ఆర్నెల్ల తర్వాత ఎవరు చెప్పాలి? ఇన్‌స్పెక్టర్ వచ్చి రిజిస్టర్ అడిగితే చూపించాల్సింది హాజరు, కూడిక కాదు.

టెస్టర్ గారు చెప్పిన కస్టమ్ ఫార్మాట్‌కి అభ్యంతరం కూడా అదే. పి, డబ్ల్యూఓ, పిహెచ్ మూడింటికీ లోపల 1 ఉంటే మూడూ పి అనే కనబడతాయి.

టెస్టర్_మారతహళ్ళి:
ఒప్పుకుంటున్నా సార్. ఆ ఫార్మాట్‌లో షరతులు రెండే ఇవ్వగలం, మిగిలినవన్నీ మూడో దాంట్లో పడిపోతాయి. కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఇంకొన్ని పెంచొచ్చు గానీ మీరన్నట్టు ఒకే విలువకి రెండు అక్షరాలు చూపించలేం. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉట్టి టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే ఎక్సెల్ కనిపించేదే రాస్తుంది కాబట్టి అక్కడ లోపలి అంకె కూడా పోతుంది. వచ్చారా రాలేదా అన్న రెండు ముక్కల షీట్లకి మాత్రం ఇప్పటికీ ఇదే తేలిక అంటాను.

వైట్‌ఫీల్డ్_షీట్లు:
ఆడిటర్ గారు నా సగం పని చేసిపెట్టారు. ఇప్పుడు అసలు పద్ధతి.

అదే ఫైల్‌లో "విలువలు" అని ఒక షీట్ తెరవండి. మొదటి కాలమ్‌లో కోడ్: పి, ఏ, హెచ్‌డి, డబ్ల్యూఓ, పిహెచ్. రెండో కాలమ్‌లో నెల జీతం విలువ: 1, 0, 0.5, 1, 1. మూడోదాంట్లో రోజు కూలీ విలువ: 1, 0, 0.5, 0, ఇక పిహెచ్‌కి మీ కంపెనీ ఏం ఇస్తుందో అది. నాలుగోది క్యాంటీన్: 1, 0, 1, 0, 0. ప్రతి కోడ్ పక్కన అదేమిటో ఒక మాటలో రాయండి. మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ టి నొక్కితే టేబుల్ అవుతుంది, కింద కొత్త కోడ్ చేర్చినప్పుడు తనే పెరుగుతుంది. ఆ కాలమ్‌లకి కోడ్‌లు, నెలవిలువ, కూలివిలువ, భోజనం అని పేర్లు ఇవ్వండి. నేమ్ మేనేజర్ అసలు పనికొచ్చేది ఇక్కడ.

ఇప్పుడు ఏహెచ్5లో:
=సమ్‌ప్రొడక్ట్(కౌంటిఫ్(సి5:ఏజి5,కోడ్‌లు),నెలవిలువ)

లోపల జరిగేది ఇది. కౌంటిఫ్‌కి ఒక్క అక్షరం కాకుండా కోడ్ల కాలమ్ మొత్తం ఇచ్చాం కాబట్టి ఒక్కో కోడ్ ఆ రోలో (అడ్డు వరుసలో) ఎన్నిసార్లు వచ్చిందో వరుసగా లెక్కపెడుతుంది. సమ్‌ప్రొడక్ట్ ఆ లెక్కలని పక్కనున్న విలువలతో గుణించి కూడుతుంది. 30 రోజుల నెలలో ఒకరికి 22 పి, 2 హెచ్‌డి, 1 ఏ, 4 డబ్ల్యూఓ, 1 పిహెచ్ ఉన్నాయనుకోండి. నెల జీతం లెక్కన 22 + 1 + 0 + 4 + 1 = 28 రోజులు. నెలవిలువ బదులు భోజనం అని మారిస్తే 24 భోజనాలు. హాజరు షీట్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకుండా రెండు లెక్కలూ వచ్చాయి.

ఇది పాత ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో కూడా నడుస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్ అవసరం లేదు. ఎక్స్‌లుకప్ వాడమని ఎవరైనా చెబితే అది మీ 2013లో లేదు, ఎక్సెల్ 2021, ఆ తర్వాతి వెర్షన్లు, మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్ళకి ఉంది. ఈ పనికి అది అక్కర్లేదు కూడా.

పీణ్య_పేరోల్:
మేడమ్, పెట్టాను, వచ్చింది! మా షీట్‌లో చాలామందికి చేత్తో లెక్కపెట్టిందీ ఇదీ సరిపోయాయి. కొందరికి మాత్రం ఒక రోజు తక్కువ వస్తోంది. కళ్ళతో చూస్తే పిలన్నీ ఉన్నాయి. ఎందుకు?

వైట్‌ఫీల్డ్_షీట్లు:
ఆ సెల్స్‌లో పి తర్వాత ఒక స్పేస్ ఉండి ఉంటుంది. పక్క ఖాళీ సెల్‌లో =లెన్(ఎఫ్5) కొట్టి చూడండి, సెల్‌లో ఎన్ని అక్షరాలున్నాయో అది చెబుతుంది. 2 వస్తే స్పేసే.

పీణ్య_పేరోల్:
అవును, 2 వచ్చింది!

వైట్‌ఫీల్డ్_షీట్లు:
ఈ పద్ధతిలో అన్నిటికంటే ప్రమాదం ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

పట్టికలో లేని కోడ్ దొరికితే కౌంటిఫ్ ఎర్రర్ ఇవ్వదు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ముందుకి వెళ్ళిపోతుంది. అంటే పి తర్వాత స్పేస్ పడినా, పిపి అని రెండుసార్లు నొక్కినా, ఎవరో హెచ్‌డి బదులు హెచ్ అని కొట్టినా ఆ రోజు విలువ సున్నా. ఎర్ర రంగు రాదు, ఏ హెచ్చరికా రాదు. పై ఉదాహరణలో ఆ మనిషి నెల జీతం 18,000 అనుకోండి, రోజుకి 600. 28 రోజులకి 16,800 రావాలి. ఒక్క స్పేస్ వల్ల 27 రోజులై 16,200 వస్తుంది. ఆ 600 పోయినట్టు అతనికి స్లిప్ చూసినా తెలియదు. మీరు మొదట తిట్టుకున్న #వేల్యూ! కనీసం ఏదో తప్పుందని చెప్పింది.

అందుకని ఏఐ కాలమ్‌లో తనిఖీ తప్పనిసరిగా పెట్టండి:
=కౌంటా(సి5:ఏజి5)-సమ్‌ప్రొడక్ట్(కౌంటిఫ్(సి5:ఏజి5,కోడ్‌లు))

నిండిన సెల్స్ ఎన్ని, వాటిలో మనకి తెలిసిన కోడ్‌లు ఎన్ని, తేడా ఎంత అన్నది ఇది చెబుతుంది. సున్నా రాకపోతే ఆ రోలో తెలియని అక్షరం ఉన్నట్టే. కండిషనల్ ఫార్మాటింగ్‌తో సున్నా కానిదానికి ఎరుపు ఇవ్వండి. ఏఐ కాలమ్ పైనుంచి కిందికి అంతా సున్నా అయ్యేదాకా జీతాల షీట్ ముట్టుకోవద్దు. కోడ్ ఏదీ పట్టికలో రెండుసార్లు రాకుండా కూడా చూసుకోండి, వస్తే ఆ రోజుని రెండుసార్లు కూడుతుంది. అప్పుడు తనిఖీలో మైనస్ అంకె కనబడుతుంది.

రెండో జాగ్రత్త డేటా వ్యాలిడేషన్. సి నుంచి ఏజి దాకా లిస్ట్ పెట్టి సోర్స్‌లో =కోడ్‌లు అని ఇస్తే సూపర్‌వైజర్లు డ్రాప్‌డౌన్‌లో ఉన్నవే కొట్టగలరు. ఎక్కడినుంచైనా కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం వ్యాలిడేషన్ ఆపలేదు, కాబట్టి ఏఐ కాలమ్ ఉండాల్సిందే.

రాజాజీనగర్_ఆడిటర్:
ఏఐ కాలమ్ గురించి ఆవిడ చెప్పింది బంగారం లాంటి మాట. నా దగ్గరికి వచ్చే జీతాల షీట్లలో మొత్తాల కాలమ్ అందరూ పెడతారు, తనిఖీ కాలమ్ పెట్టేవాళ్ళు తక్కువ.

పీణ్య_పేరోల్:
పెట్టాను సార్. ఎర్రగా వచ్చినవన్నీ సరిచేశాను. ఇంకో చిక్కు ఉంది. ఓవర్‌టైమ్ చేసిన రోజు మా సూపర్‌వైజర్లు పి+2, పి+4 అని కొడతారు, రెండు గంటలు, నాలుగు గంటలు అని. తనిఖీలో అవన్నీ ఎర్రగానే ఉన్నాయి. "పి*" అని స్టార్ పెడితే పితో మొదలయ్యేవన్నీ పట్టుకుంటుందని విన్నాను, పెట్టేయనా?

టెస్టర్_మారతహళ్ళి:
వద్దు బ్రో! స్టార్ పెడితే పిహెచ్ కూడా వచ్చేస్తుంది, పండుగ రోజుని రెండుసార్లు కూడేస్తావు.

వైట్‌ఫీల్డ్_షీట్లు:
అదే. స్టార్, ప్రశ్న గుర్తు కౌంటిఫ్‌లో వైల్డ్‌కార్డులు, అంటే వాటి చోట ఏ అక్షరం ఉన్నా సరిపోయిందనుకుంటుంది. కావాలంటే "పి+*" అనొచ్చు, అప్పుడు పిహెచ్ రాదు. గంటలు విడిగా తీయడానికి మిడ్, ఫైండ్ వాడి ప్లస్ తర్వాత ఉన్నది కోసుకోవచ్చు. కోసిన 2 కూడా అక్షరంగానే వస్తుంది, ముందు రెండు మైనస్ గుర్తులు పెడితేనో వేల్యూ ఫంక్షన్‌లో వేస్తేనో అంకె అవుతుంది.

కానీ నా సలహా ఏమిటంటే, ఒక సెల్‌లో రెండు విషయాలు పెట్టనివ్వకండి. ఒక్కో మనిషికి రెండు రోలు ఇవ్వండి, పై రోలో హాజరు కోడ్, కింద రోలో ఓవర్‌టైమ్ గంటలు, అవి ఉట్టి అంకెలు. లేదా ఓవర్‌టైమ్‌కి ఇంకో షీట్ పెట్టండి. గంటలు కొలిచి వచ్చిన అంకె, దానికి కోడ్ అక్కర్లేదు.

రాజాజీనగర్_ఆడిటర్:
గంటకి రెట్టింపు రేటు అన్న గుణకాన్ని కూడా ఫార్ములాలో *2 అని దాచకుండా విలువల షీట్‌లోనే ఒక సెల్‌లో పెట్టు బాబూ. ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్న లెక్క. అది ఎక్కడ ఎలా వాడారో ఎవరు అడిగినా చూపించగలగాలి.

మండీ_లెక్క:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, నాదీ ఇలాంటి బాధే. యశ్వంతపూర్ ఏపీఎంసీ యార్డ్‌లో ఉల్లి, ఆలూ కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మా వాళ్ళు సెల్‌లో "50 కేజీ", "2 క్వింటాల్" అని మాటతో కలిపి కొడతారు. కూడితే సున్నా.

వైట్‌ఫీల్డ్_షీట్లు:
అన్నా, మీది ఇంకా తేలిక. సెల్‌లో 50 మాత్రమే కొట్టండి. కస్టమ్ ఫార్మాట్‌లో 0" కేజీ" అని ఇస్తే 50 కేజీ అని కనబడుతుంది, లోపల 50 ఉంటుంది. టెస్టర్ గారి ఉపాయం సరిగ్గా సరిపోయే చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ మాట అందరికీ ఒకటే, మారేది అంకె. కేజీ, క్వింటాల్ రెండూ కలిసి వస్తాయి కాబట్టి యూనిట్‌కి పక్కన ఒక కాలమ్ ఇచ్చి, కేజీకి 1, క్వింటాల్‌కి 100 అని పట్టిక పెట్టుకోండి. బి2లో బరువు, సి2లో యూనిట్ ఉంటే:
=బి2*వీలుకప్(సి2,యూనిట్లు,2,ఫాల్స్)

చివర ఆ ఫాల్స్ మర్చిపోవద్దు. అది లేకపోతే వీలుకప్ దగ్గర్లో ఉన్నదాన్ని తీసుకుంటుంది, పట్టిక అక్షరక్రమంలో లేకపోతే తప్పు విలువ ఇచ్చేసి ఊరుకుంటుంది. ఫాల్స్ ఉంటే దొరకనిదానికి #ఎన్/ఏ అంటుంది. తెలియని మాట వస్తే ఎర్రర్ రావడమే మనకి మంచిది.

మండీ_లెక్క:
బస్తా అని కూడా రాస్తారు. బస్తాకి ఎంత పెట్టాలి?

రాజాజీనగర్_ఆడిటర్:
బస్తాకి పట్టికలో విలువ ఇవ్వకండి. ఉల్లి బస్తా వేరు, ఆలూ బస్తా వేరు, ఊరిని బట్టి కూడా మారుతుంది. కాటా మీద వచ్చిన కేజీలే రాయండి. స్థిరమైన విలువ లేని మాటకి పట్టికలో ఒక అంకె ఇస్తే ఆ అంకెని అందరూ నమ్మేస్తారు, రైతుకి నష్టం.

యలహంక_లెక్చరర్:
చాలా ఉపయోగపడే చర్చ. మా కాలేజీలో గ్రేడ్లకి ఇదే వాడతాం. యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ఓకి 10, ఏ+కి 9, ఏకి 8, బి+కి 7, బికి 6, సికి 5, పికి 4, ఎఫ్‌కి 0. సబ్జెక్టు గ్రేడ్‌ని పాయింట్లుగా మార్చి క్రెడిట్లతో గుణించి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ (సెమిస్టర్ గ్రేడ్ పాయింట్ల సగటు). ఒక విద్యార్థికి 4 క్రెడిట్ల సబ్జెక్టులో ఏ+, 3 క్రెడిట్ల దాంట్లో బి, ఇంకో 3 క్రెడిట్ల దాంట్లో ఓ వస్తే 36 + 18 + 30 = 84, 10తో భాగిస్తే 8.4.

ఒకే సెల్‌లో కావాలంటే:
=సమ్‌ప్రొడక్ట్(సమిఫ్(గ్రేడ్లు,సి3:సి10,పాయింట్లు),డి3:డి10)/సమ్(డి3:డి10)

ఇక్కడ సమిఫ్ ఒక్కో గ్రేడ్‌ని పట్టికలో వెతికి దాని పాయింట్లు తెస్తుంది. హాజరు లెక్కకి ఎన్ని పిలు ఉన్నాయో చాలు, గ్రేడ్లలో ఏ గ్రేడ్ ఏ క్రెడిట్ పక్కన ఉందో ముఖ్యం, అందుకే కౌంటిఫ్ పనికిరాదు.

లిబ్రే_ఇష్టుడు:
లెక్చరర్ గారూ, లిబ్రే ఆఫీస్ కాల్క్ వాడే విద్యార్థులకి ఒక హెచ్చరిక. టూల్స్, ఆప్షన్స్, కాల్క్, కాలిక్యులేట్‌లో వెతుకులాటకి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ ఆన్‌లో ఉంటే ఏ+లో ఉన్న ప్లస్‌ని గుర్తుగా తీసుకోదు. ఏ ఒకటి లేదా అంతకంటే ఎక్కువ అని అర్థం చేసుకుంటుంది. అప్పుడు ఏ+ వచ్చినవాడికి ఏ పాయింట్లు పడతాయి. అక్కడ వైల్డ్‌కార్డ్స్ ఎంచుకోండి. అదే పేజీలో షరతు సెల్ మొత్తానికి వర్తించాలన్న టిక్ కూడా ఉండాలి, లేకపోతే పి అని వెతికితే పిహెచ్ కూడా దొరుకుతుంది.

అక్షరాలని సున్నాగా తీసుకో అనే సెట్టింగ్ కూడా కాల్క్‌లో ఉంది. ఎక్సెల్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ చివర లోటస్ కంపాటిబిలిటీ కింద అలాంటిదే ఒకటి ఉంది. ఎర్రర్ పోతుంది కదా అని ఆన్ చేయకండి. ఎర్రర్ పోయినంత మాత్రాన లెక్క సరైపోదు.

హెబ్బాళ్_ల్యాబ్:
మాకు సమస్య తిరగబడి వస్తుంది. మేం లేబుల్ కొడతాం, షీట్ దాన్ని అంకెగా మార్చేస్తుంది. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లు ఎక్సెల్‌లో తేదీలైపోయేవి. తేదీ అంటే ఎక్సెల్ లోపల ఒక అంకె కదా, అసలు పేరు మళ్ళీ రాదు. చివరికి 2020లో జన్యువుల పేర్ల అంతర్జాతీయ కమిటీ ఆ పేర్లనే మార్చి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని పెట్టింది. శాస్త్రవేత్తలు ఒక సాఫ్ట్‌వేర్ అలవాటు కోసం పేర్లు మార్చుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈ ఆటోమేటిక్ మార్పుల్ని ఆపే సెట్టింగ్ మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది. పీణ్య గారి 2013లో అది ఉండదు, కాబట్టి కోడ్‌లు పెట్టుకునేటప్పుడు తేదీలా, అంకెలా కనిపించేవి పెట్టకండి.

కసవనహళ్ళి_కోశాధికారి:
ఇది మా అపార్ట్‌మెంట్‌లో రోజూ ఉండేదే! ఫ్లాట్ నంబర్ 3-12 అని కొడితే తేదీ అయిపోతుంది. 1ఇ4 ఫ్లాట్ వాళ్ళ నంబరు 10000 అయిపోయింది, 1 పక్కన నాలుగు సున్నాలు అనుకుంది ఎక్సెల్. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాత కొడితేనే నిలుస్తాయి.

నాదీ ఒక ప్రశ్న. ట్యాంకర్ నీళ్ళ మీద సర్వే పెట్టాం. చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు, అస్సలు బాగోలేదు. వీటికి 5 నుంచి 1 దాకా విలువలిచ్చి సగటు తీస్తే 3.0 వచ్చింది. ఫర్వాలేదు అన్నమాట అని కమిటీలో చెప్పాను. కింది బ్లాక్ వాళ్ళు కోప్పడ్డారు.

యలహంక_లెక్చరర్:
వాళ్ళ కోపం న్యాయమే సార్. సగం మంది 5, సగం మంది 1 ఇచ్చినా సగటు 3.0నే. అందరూ 3 ఇచ్చినా అంతే. 1946లో స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొలతలని నాలుగు రకాలుగా విడదీశాడు. పేరుకి మాత్రమే ఉండేవి, వరుస మాత్రం చెప్పేవి, సమాన దూరాలున్నవి, నిజమైన సున్నా ఉన్నవి. మీ సర్వే రెండో రకం. చాలా బాగుంది అన్నది బాగుందికంటే పైన అని తెలుసు, ఎంత పైన అన్నది ఎవరికీ తెలియదు. బాగోలేదుకీ అస్సలు బాగోలేదుకీ మధ్య ఉన్న దూరం, బాగుందికీ చాలా బాగుందికీ మధ్య ఉన్నంతే అని మీరు 1, 2, 4, 5 ఇచ్చినప్పుడు అనుకున్నారు. జవాబు చెప్పినవాళ్ళు అనుకోలేదు.

మీ దగ్గర కౌంటిఫ్ ఉంది కదా. ఏ జవాబు ఎంతమంది ఇచ్చారో బ్లాక్ వారీగా పెట్టండి. ఒక అంకె కావాల్సే వస్తే మీడియన్ (జవాబులన్నీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండేది) చెప్పండి, దాని పక్కన ఆ లెక్కలు కూడా చూపించండి.

టెస్టర్_మారతహళ్ళి:
కానీ సార్, మా టీమ్‌లో పనులకి ఎస్, ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్ అని సైజులిచ్చి 2, 3, 5, 8 పెట్టి కూడతాం. అదీ వరుసే కదా, తప్పేనా?

యలహంక_లెక్చరర్:
మీ టీమ్ కూర్చుని ఎక్స్‌ఎల్ అంటే ఎస్‌కి నాలుగింతల పని అని ముందే ఒప్పుకుంది కదా, అప్పుడు పర్వాలేదు. సర్వేలో ఆ ఒప్పందం లేదు. ఇంకో టీమ్ సైజులతో కలిపి కూడితే మాత్రం మీదీ తప్పే, వాళ్ళ ఎక్స్‌ఎల్ వేరు.

కసవనహళ్ళి_కోశాధికారి:
బ్లాక్ వారీగా తీశాను. పై రెండు బ్లాకుల వాళ్ళు చాలా బాగుంది అన్నారు, కింది బ్లాక్‌లో దాదాపు అందరూ అస్సలు బాగోలేదు అన్నారు. వాళ్ళ సంపులోకి నీళ్ళు వెళ్ళే లైన్ చూడమని ప్లంబర్‌కి చెప్పాం.

పీణ్య_పేరోల్:
అందరికీ చాలా థాంక్స్. ఈ నెల జీతాలు కొత్త షీట్‌తోనే వేశాం. విలువల పట్టిక ప్రింట్ తీసి టైమ్ ఆఫీసు బయట నోటీస్ బోర్డులో పెట్టమని మా మేనేజర్ గారిని అడిగాను, ఒప్పుకున్నారు. కన్నడ, తెలుగు, హిందీ మూడింట్లో రాయించాం. హెచ్‌డికి 0.5 ఇస్తారని తెలియనివాళ్ళు కూడా ఉన్నారు.

చివరిగా ఒక్కటి. వచ్చే నెల నుంచి గంట ఆలస్యంగా వస్తే హెచ్‌డి కాకుండా ఎల్‌టి అని కొత్త కోడ్, 0.75 విలువ అంటున్నారు. పట్టికలో చేర్చితే చాలా? పాత నెలలు మారిపోవు కదా?

వైట్‌ఫీల్డ్_షీట్లు:
కొత్త కోడ్ చేర్చితే పాత నెలలు మారవు, ఎందుకంటే వాటిలో ఎల్‌టి లేదు. పేర్లు టేబుల్ కాలమ్‌లకే ఇచ్చారు కాబట్టి డ్రాప్‌డౌన్, తనిఖీ కాలమ్ రెండూ దాన్ని తమంతట తామే తీసుకుంటాయి. ప్రమాదమల్లా ఇప్పటికే ఉన్న కోడ్ విలువని మార్చినప్పుడే. రేపు హెచ్‌డిని 0.5 నుంచి 0.6 చేస్తే అదే పట్టికని చూసే పాత నెలలన్నీ ఒక్క దెబ్బకి మారిపోతాయి, ఇచ్చేసిన జీతాలతో షీట్ సరిపోదు. అందుకని జీతం వేసిన నెల ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసి, విలువల షీట్‌తో సహా మూసేయండి. కొత్త నెలకి దాని కాపీ తీసుకుని, అందులో మార్చండి. విలువల షీట్ పైన ఏ తేదీ నుంచి అమల్లో ఉందో, ఎవరు ఆమోదించారో కూడా రాసి పెట్టండి.

రాజాజీనగర్_ఆడిటర్:
0.75 అన్నది నోటిమాటగా తీసుకోకు బాబూ, ఎవరు ఏ తేదీన నిర్ణయించారో కాగితం మీద రాయించుకుని ఆ తర్వాతే పట్టికలో వేయి. నోటీస్ బోర్డులో ఉన్న కాగితం కూడా అదే రోజు మార్చు.